రాములవారి రసీదు

శ్రీరామనవమికి ముందు శనివారం తిరుమలాయపాలెంలో ఒక అడ్తిదారు ఇంట్లో భజన పెట్టారు. ఆయన కొట్టు ఖమ్మం మిర్చి మార్కెట్లో, ఇల్లు ఇక్కడ. షికాగో నుంచి మనవడు వచ్చాడు. వాడికి మన పాట వినిపించాలని తాతగారి పట్టుదల.

వచ్చింది ముగ్గురు. హార్మోనియం వాయిస్తూ పాడే పెద్దాయన, డోలక్ కొట్టే ఆయన మేనల్లుడు, తాళాలు వేసే కుర్రాడు. మైకు లేదు. హాల్లో చాప పరిచారు. ఎదురుగా ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు నలుగురు. డోలక్‌కూ మనవడి మోకాలికీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

మనవడికి అదే నచ్చింది. షికాగోలో తను వెళ్లే క్లబ్బు కూడా ఇంతే ఉంటుందన్నాడు. అక్కడా ముగ్గురే. ఒకరిది హామండ్ ఆర్గాన్, ఒకరిది గిటారు, ఒకరివి డ్రమ్ములు. ఆ ఆర్గాన్ పుట్టింది కూడా షికాగోలోనే. 1935లో బజారులోకి వచ్చినప్పుడు చర్చిలవాళ్లు కొన్నారు. 1950లలో జిమ్మీ స్మిత్ లాంటివాళ్లు దాన్ని జాజ్ క్లబ్బుల్లో మోగించారు.

"బేస్ వాయించడానికి వేరే మనిషి ఉండడు. ఆర్గాన్ వాయించేవాడే కాళ్లతో అది కూడా వాయిస్తాడు" అన్నాడు మనవడు.

"రెండు చేతులూ పాటకే అన్నమాట. అదృష్టవంతుడు" అన్నాడు పెద్దాయన. "మాకు ఒక చెయ్యి గాలికే పోద్ది బాబూ."

హార్మోనియం పాతది. ఆకాశవాణి 1940లో ఈ వాయిద్యాన్ని గెంటేసి 1971 దాకా లోపలికి రానివ్వలేదు. ఆ సంగతి మన రామాలయాలకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లు కాదు. వాయించేవాడికి మెట్లు కనిపిస్తాయి, వినేవాళ్లకు తిత్తి కనిపిస్తుంది. ఈ తిత్తికి మధ్యలో చిరుగు పడితే కాగితం అంటించారు. అంచులు సమంగా కత్తిరించి, తిత్తి ముడుచుకునే చోట కాగితానికీ మడత పెట్టి, పైన కొవ్వొత్తి మైనం రుద్దారు. పాటంతసేపూ అది తెరుచుకుంటూ మూసుకుంటూ అడ్తిదారు కళ్లముందే ఉంది.

పెద్దాయన పాడేవన్నీ రామదాసు కీర్తనలే. రామదాసు, అంటే కంచర్ల గోపన్న, ఈ జిల్లావాడే, నేలకొండపల్లిలో పుట్టాడు. 2017లో పాలేరు నీళ్లు ఈ మండలానికి ఎక్కింది కూడా భక్త రామదాసు ఎత్తిపోతలతోనే. పెద్దాయన రెండెకరాల్లో తేజ రకం మిర్చి వేస్తాడు. ఆ లెక్కన ఆయన పాటా రామదాసుదే, పంటా రామదాసుదే.

మూడు పాటలయ్యాక అడ్తిదారు తనకు ఇష్టమైనది అడిగాడు. గోల్కొండ చెరసాలలో ఉన్న రామదాసు, తను చేయించిన నగలకు ఎన్నెన్ని వరహాలు పట్టిందీ ఒక్కొక్కటే చెప్పి రాముణ్ణి నిలదీసే కీర్తన అది. పెద్దాయన కళ్లు మూసుకుని పాడాడు. మేనల్లుడు డోలక్ మీద చెయ్యి బాగా తగ్గించాడు. ప్రతి లెక్క దగ్గరా పెద్దాయన ఆగి, మాట విడిగా పలికి, ఆ తర్వాతే తిత్తి లాగాడు. అడ్తిదారు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

పాటయ్యాక మనవడికి కథ చెప్పాడు. "రామలక్ష్మణులు ఇద్దరు బంట్ల వేషంలో గోల్కొండ నవాబు తానీషా దగ్గరికి వెళ్లారురా. గోపన్న కట్టాల్సిన ఆరు లక్షల మొహరీలు కుప్ప పోశారు. పోసి ఊరికే వచ్చారా? రసీదు రాయించుకున్నారు. దాన్ని తెచ్చి గోపన్న దిండు కింద పెట్టారు. దేవుడైనా సరే, కాగితం కాగితమే. మన వ్యాపారానికి మూలం అదే."

టీలు వచ్చాయి. అడ్తిదారు తిత్తి వైపు చూశాడు.

"కొత్త పెట్టె కొనుక్కోవచ్చు కదయ్యా?"

"కొందామనే ఉంది సావుకారూ. పైసలు చేతికి రావాలిగా."

"వస్తయ్. రాములవారు చూసుకుంటాడు."

"ఆయన మీదే వేశాం" అన్నాడు పెద్దాయన.

మనవడు హార్మోనియం ముందు చతికిలబడి ఫోన్‌తో ఫొటోలు తీస్తున్నాడు. మెట్లకు ఒకటి, తిత్తికి ఒకటి. ఫొటో పెద్దది చేసి చూశాడు.

"తాతయ్యా, ఈ కాగితం మీద తెలుగులో ఏదో ఉంది."

అడ్తిదారు మొహం వెలిగింది. "మావాడు అక్కడ మనబడిలో తెలుగు నేర్చుకున్నాడు. చదువు నాన్నా. అందరికీ వినపడేట్టు చదువు."

మనవడు కూడబలుక్కుంటూ చదివాడు. "రకం, తేజ. బస్తాలు, పద్దెనిమిది. కాంటా... కమీషను... ఖర్చులు పోను రైతుకు ఇవ్వవలసినది..." ఆ పక్కనున్న అంకె జిగురులో కలిసిపోయింది. కిందికి వెళ్లాడు. తేదీ చదివాడు. అది నిరుటిది కాదు, ముందటేడుది. తప్పు పోకుండా చదివాడని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు.

తర్వాత పైన అచ్చులో ఉన్న పెద్ద అక్షరాలకు వచ్చాడు. సగం చదివి తలెత్తాడు.

"తాతయ్యా, ఇది మన కొట్టు పేరు!"

మేనల్లుడు డోలక్ తాళ్లు బిగించడం మొదలుపెట్టాడు. అవి బిగువుగానే ఉన్నాయి. అడ్తిదారు టీ గ్లాసులోకి చూస్తున్నాడు. తాళాల కుర్రాడు ఒక్కడే ఇంకా బిస్కెట్ తింటున్నాడు.

"అయితే ఇది కూడా రసీదేనా తాతయ్యా?"

తాతగారు పలకలేదు. పెద్దాయన తిత్తిని ఒకసారి తెరిచి, మూసి, చెవి ఆనించి చూసుకున్నాడు.

"అట్లాంటిదే బాబూ. పైసలు రాలేదు గానీ, గాలి మాత్రం పోనియ్యట్లేదు."