అరకులో పన్నెండు శాలువాలు

ముప్ఫై ఏళ్ల సాహిత్య సేవలో నేను కూడబెట్టిన ఆస్తి ఏమైనా ఉందంటే, మా బీరువా పై అరలో ఉన్న శాలువాలే. విజయనగరం ఉక్కలో, తిరగని ఫ్యాను కింద కూర్చున్న మనిషికి శాలువా కప్పడం సన్మానమో శిక్షో నాకిప్పటికీ తెలియదు. కప్పగానే ఫొటో తీస్తారు. ఫొటో అవగానే అది ఒళ్లోకి, ఒళ్లోంచి సంచిలోకి వెళ్తుంది. ఇంటికొచ్చాక మా ఆవిడ ఒకటి కుట్టుమిషనుకి కప్పింది, ఒకటి టీవీకి, ఒకటి వాషింగ్ మెషిన్‌కి. "ఇంట్లో సామానంతటికీ సన్మానాలైపోయాయండీ, ఇంక తేకండి" అని కూడా చెప్పింది.

శాలువా అసలు చలికి కప్పుకునేదన్న సంగతి మా రచయితల సంఘానికి మొన్న అరకులో గుర్తొచ్చింది. దానికి నేనే సాక్షిని, నేనే ముద్దాయిని.

కథ విజయనగరం గంటస్తంభం దగ్గర టీ కొట్టులో మొదలైంది. కిందటేడు జనవరి నెల. పేపర్లో మన ముఖ్యమంత్రిగారు కోటు వేసుకుని దావోస్‌లో నిలబడ్డ ఫొటో ఉంది. మా అధ్యక్షులవారు దాన్ని చాలాసేపు చూశారు. స్విట్జర్లాండ్‌లో 1560 మీటర్ల ఎత్తున, మంచు మీద జారుడాటకి పేరుపడ్డ ఊరది. అక్కడ 1971 నుంచి పెద్దపెద్దవాళ్లు దాదాపు ఏటా చేరి ప్రపంచం గురించి మాట్లాడుకుంటున్నారు.

"వాళ్లకి కొండలున్నాయని మంచులో కూర్చుంటున్నారు. మనకి లేవేటి కొండలు? ఎన్నాళ్లీ కల్యాణమండపాలు, ఎన్నాళ్లీ దోమలు?" అన్నారు అధ్యక్షులవారు.

పాలకొండ కథకుడు వెంటనే లంబసింగి అన్నాడు. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుందట. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని దానికి అర్థం చెబుతారు. "అయితే సంతాపసభ కూడా అక్కడే కానిచ్చీయొచ్చు, ఖర్చు కలిసొస్తుంది" అన్నాడు సాలూరు కవి. దాంతో అరకు ఖాయమైంది.

ఒక్క నరసన్నపేట బావ మాత్రం అడ్డుపడ్డాడు. అతను నాకు బావేమీ కాడు గానీ, జిల్లా మొత్తానికి బావే. "గురజాడవారి కన్యాశుల్కం 1892లో ఈ ఊళ్లోనే ఆడారు. చూడ్డానికి ఎవడైనా కొండెక్కాడేటి? కారా మాష్టారు అవార్డు డబ్బులు పెట్టి శ్రీకాకుళంలో కథానిలయం కట్టి 1997లో తలుపులు తీశారు. ఉన్నవన్నీ కథలే. కుర్చీలున్నాయి, ఫ్యానులున్నాయి. మధ్యలో లేచి పారిపోదామన్నా పక్కన జలపాతం లేదు. సభకి అంతకన్నా మంచి చోటు ఏటుంటాది?"

ఇంత మంచి మాట ఎవరూ వినలేదు. కన్వీనరుగా నా పేరు ఏకగ్రీవంగా ఆమోదించారు. ఆ సమయానికి నేను బల్ల దగ్గర లేను, అందరి టీ డబ్బులూ ఇవ్వడానికి వెళ్లాను.

ముందు తేదీ కావాలి. మా వైపు రచయితలకి వేరే పంచాంగం ఉంది. నవంబరు 30 గురజాడవారి వర్ధంతి. జనవరిలో భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ. అరిసెలు అరిగేలోగా 17న చాసోగారి జయంతి. ఫిబ్రవరిలో కథానిలయం వార్షికోత్సవం. వీటి సందుల్లో పెళ్లిళ్లు, మనవల పుట్టినరోజులు, సుగర్ పరీక్షలు. చివరికి జనవరి నెలాఖరులో ఒక శని, ఆదివారాలు దొరికాయి. రాష్ట్రంలో మంచు చూడాలనుకున్న ప్రతివాడికీ అవే దొరికాయని తర్వాత తెలిసింది.

గది కోసం ఒక అతిథిగృహానికి ఫోన్ చేశాను.

"ఎంతమందండి?"

"నలభై."

"ఫ్యామిలీలేనా?"

"కాదు, రచయితలు."

అవతల కాసేపు చప్పుడు లేదు. "తాగుతారేటి మాష్టారూ?"

"చదువుతారు."

"పైకా, లోపలా?"

"పైకే. మైకులో."

"అయితే డిపాజిట్టు ఇంకొంచెం అవుతాదండి" అన్నాడు.

సంఘంలో ఉన్నది నలభై మందే. నెలవారీ సమావేశానికి వచ్చేది ఏడుగురు, అందులో ఒకడు తాళం వేసుకోవడానికి నిలబడే వాచ్‌మన్. అలాంటిది అరకు అనేసరికి పేర్లు డెబ్భై మూడు తేలాయి. ఒకాయన బావమరిదికి కవిత్వమంటే ప్రాణమట. ఇంకొకాయన తోడల్లుడు గురజాడని చదవకపోయినా ఆ ఇంటి ముందు నుంచి రోజూ బండి మీద వెళ్తాడట.

ఆహ్వానపత్రంలో నేనొక తప్పు చేశాను. "కొండకోనల్లో, కురిసే మంచులో కథాసంగమం" అని రాశాను. హైదరాబాదు నుంచి ఒక కుర్ర రచయిత ఫోన్ చేసి "సార్, నిజంగా మంచు పడుతుందా?" అన్నాడు. "తెల్లారగట్ల చూడు నాయనా, చేయి చాపితే చేయి కనిపించదు" అన్నాను. అందులో అబద్ధం లేదు. హిమాలయం మీద గడ్డకట్టిందీ మంచే, మా గుమ్మడిపాదు మీద పడిందీ మంచే. తెలుగులో ఈ సదుపాయం ఉండబట్టే అరకు దాకా వచ్చి దావోస్ చూశామనుకోగలం. ఆ అబ్బాయి మాత్రం మోకాళ్ల దాకా బూట్లు, చేతులకి ఉన్ని తొడుగులు వేసుకుని వచ్చాడు.

శ్రీకాకుళం మిత్రులు ముందు రోజు రాత్రే మా ఇంట్లో దిగారు. వాళ్లకి రైలు ఎక్కాలంటే ముందు ఇంకో ఊరు వెళ్లాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో ఉంటుంది. పదకొండు మందికి మా ఆవిడ ఆవపెట్టిన పనసపొట్టు కూర చేసి పెట్టింది. మర్నాడు పొద్దున్నే కొత్తవలసలో కిరండూల్ పాసింజరు ఎక్కాం. విశాఖలో ఎక్కినవాళ్లు అద్దాల పెట్టెలో దర్జాగా కూర్చున్నారు, మేం జనరల్ పెట్టెలో సాహిత్యంగా నిలబడ్డాం.

బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవు దాకా దించి జపాను పంపడానికి 1960లలో వేసిన దారి అది. ఆ బరువులన్నీ మోసింది కదా, మా సాలూరు కవి దీర్ఘకవితని మోయలేదా అని ధైర్యం చేసి చదవమన్నాం. ఆ లైనులో మొత్తం 58 సొరంగాలున్నాయి. చీకటి పడ్డ ప్రతిసారీ పెట్టెలో పిల్లలంతా ఒక్కసారిగా కేక పెడతారు. కవిగారు ఆ కేకలన్నీ తన కవితకేననుకుని అరకు వచ్చేదాకా ఆపలేదు. సొరంగాల్లో పోయిన పంక్తులు ఏవో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

అతిథిగృహంలో మాకు మాటిచ్చిన హాలు అప్పటికే ఇంకెవరికో ఇచ్చేశారు. "పెరట్లో షామియానా ఏసీసాం మాష్టారూ, గాలి బాగుంటాది" అన్నాడు మేనేజరు. గాలి విషయంలో అతని మాట నిజమైంది.

మధ్యాహ్నం మూడింటికి మొదటి సదస్సు. అంశం: కథలో వస్తువైవిధ్యం. డెబ్భై మూడు కుర్చీలు వేయించాను. హాజరైనవాళ్లం నలుగురం: నేను, వక్త, మైకు కుర్రాడు, బూట్లలో కాళ్లు ఇరుక్కుని కదల్లేకపోయిన హైదరాబాదు అబ్బాయి. మిగతా సాహిత్యమంతా చాపరాయికి వెళ్లిపోయింది. పాడేరు దారిలో పెద్ద రాతిపలక మీద నుంచి నీళ్లు జారే చోటది. జనం కూడా జారతారు. దావోస్‌లో మంచు మీద జారితే మనవాళ్లు నాచు మీద జారారు. మా అధ్యక్షులవారు పంచె ఎగ్గట్టి మూడుసార్లు జారారని, మూడోసారి మాత్రం కావాలని కాదని తర్వాత తెలిసింది.

అయిదున్నరకి తడి బట్టలతో అందరూ తిరిగొచ్చారు. అప్పుడు మొదలైంది చలి. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. దావోస్ ముందు అది గుమ్మంలో మెట్టే. కానీ ఉప్పుగాలిలో పెరిగిన ఒళ్లకి ఆ మెట్టు చాలు. సన్మానసభ మొదలయ్యేసరికి వేదిక మీద మైకు తప్ప అందరూ వణుకుతున్నారు.

నా దగ్గర శాలువాలు పన్నెండు. సన్మానం అయిదుగురికే గానీ డజను లెక్కన కొంటే చవకని తెచ్చాను. అవీ ఎలాంటివి! కప్పుకున్నవాడి చొక్కా గళ్లు బయటికి లెక్కపెట్టొచ్చు. మామూలుగా ముఖ్య అతిథిగారికి ప్రసంగం అయ్యాక, అందరికన్నా చివర కప్పుతాం. ఆయన నా చెవిలో "ముందు సన్మానం కానిచ్చీండి మాష్టారూ, ప్రసంగం ఎక్కడికీ పోదు" అన్నారు. కప్పాను. ఆయన ఫొటో కోసం ఆగలేదు. చెవుల మీదుగా చుట్టుకుని గడ్డం కింద ముడేసుకున్నారు.

ఆ ముడి చూడగానే షామియానాలో ప్రతివాడికీ తన సాహిత్యసేవ గుర్తొచ్చింది. "1987లో వారపత్రికలో నాదొక కథ పడింది, మర్చిపోయారేటి?" అని ఒకరు. "నేను రాయను గానీ నలభై ఏళ్లుగా చందా కడుతున్నాను" అని ఇంకొకరు. గురజాడ ఇంటి ముందు నుంచి బండి మీద వెళ్లే తోడల్లుడుగారిని కూడా సాహితీ బంధువుగా గుర్తించాల్సి వచ్చింది. అన్నిటికన్నా వింత, కప్పించుకున్నవాడు ఒక్కడూ తీయలేదు. నరసన్నపేట బావ ముఖ్య అతిథితో బేరమాడి ఒకే శాలువాలో ఇద్దరూ దూరారు. రాత్రి ఎనిమిదికల్లా పదకొండు అయిపోయాయి.

పన్నెండోది నా కుర్చీ కింద ఉంది. దాచానంటే దాచాను. కన్వీనరు కూడా మనిషే. వందన సమర్పణకి లేచినప్పుడు దాన్ని తీసి నా భుజాన వేసుకోబోతున్నాను. ఎదురుగా మైకు కుర్రాడు కనిపించాడు. పొట్టిచేతుల చొక్కాలో, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, కాలితో వైరు సరిచేస్తున్నాడు. మధ్యాహ్నం మూడు నుంచి ఆ వస్తువైవిధ్యం, ఆ తర్వాతి కవితలు, ఇప్పుడీ సన్మానాలు. డెబ్భై మూడు మందిలో ఒక్కరూ చేయని పని వాడు చేశాడు. సభ మొత్తం విన్నాడు.

వేదిక మీదకి పిలిచాను. "ఈ సభలో ఏకైక శ్రోతకి" అని ప్రకటించి కప్పాను. చప్పట్లు కొట్టడానికి శాలువాల్లోంచి చేతులెవరూ తీయలేదు.

కుర్రాడు అంచు పట్టుకుని మెల్లగా అడిగాడు: "ఇది కప్పుకోడానికేనేటి మాష్టారూ, ఫొటో అయ్యాక ఇచ్చీయాలా?"

ముప్ఫై ఏళ్లలో శాలువా గురించి అంత మంచి ప్రశ్న ఎవరూ వేయలేదు.

నేను తుమ్ములతో ఇంటికి చేరాను. చేతిలో అయిదు వేల లోటు, ఒంట్లో నూట రెండు జ్వరం. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. వాషింగ్ మెషిన్ మీద శాలువా తీసి, దులిపి, నా భుజాల చుట్టూ కప్పింది.

"ఏ సేవకి?" అన్నాను.

"నెల్లాళ్లుగా ఆ మెషినైనా మీ అంత తిరగలేదు కదా" అంది.