పనులు జరుగుచుండు (సటీకా తాత్పర్యం)

అవతారిక: దుగరాజపట్నం తీరానికి చెందిన యాత్రికుడొకడు చంద్రగిరి రాజమహలు చూడబోయి, పరంజాలు కట్టిన గోడల ముందు నిలిచి చెప్పిన ఆటవెలది ఇది.

రాజమహలు చూడ రైలెక్కి వచ్చితి;
బోర్డు కట్టిరచట “పోవఁదగదు;
సున్నమారుదాఁక సుంతైన నాగుఁడు;
పనులు జరుగుచుండు, పాంథులార!”

ప్రతిపదార్థం:
రాజమహలు = విజయనగర రాయలు కడపటి కాలంలో ఏలిన చంద్రగిరి కోటలోని మూడంతస్తుల మేడను; కర్ర వాడక ఇటుక, రాయి, సున్నంతో లేపిన దానిని;
చూడన్ = చూచుటకు; ఫొటో దిగుటకని కొందరు, అది గౌణార్థం;
రైలెక్కి = గూడూరులో ఎక్కి, రేణిగుంట, తిరుపతి మీదుగా; “నిలబడి” అని అధ్యాహారం;
వచ్చితి = వచ్చితిని;
అచటన్ = ఆ గుమ్మమునకు;
బోర్డు = రేకుపలకను;
కట్టిరి = తీగతో బిగించిరి; కర్త లుప్తం, బోర్డుభాషకిది సహజం;
పోవన్ తగదు = లోనికి వెళ్లరాదు; పావురాలకు ఈ నిషేధం లేదు;
సున్నము ఆరుదాఁకన్ = గోడ పూత గట్టిపడువరకు;
సుంతైనన్ = కొంచెమైనను; ఎంత కొంచెమో మూలంలో లేదు;
ఆగుఁడు = నిలువుఁడు;
పనులు = మరమ్మతులు;
జరుగుచుండు = తద్ధర్మార్థకం; నిన్నటికీ, నేటికీ, వచ్చే ఏటికీ చెల్లుతుంది;
పాంథులార = ఓ బాటసారులారా! తిరుగురైలు వేళ మించుతున్నవారలారా అని ధ్వని.

తాత్పర్యం: చూడవచ్చినవాడు మళ్లీ రావలెను.

అలంకారం: పనివారు కనబడకనే పని సాగినచో విభావన. పనివారందరూ ఉండి కూడా సాగనిచో విశేషోక్తి.

చారిత్రకం: 1639లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తకుడు ఫ్రాన్సిస్ డే ఇదే దుగరాజపట్నం వర్తకశాల నుంచి కదిలి, చంద్రగిరి రాయల సామంతులైన దామెర్ల వారి వద్ద చెన్నపట్నం నేల సంపాదించాడు. అతనికి సామంతులతోనే పని తీరింది. మన యాత్రికుడు నేరుగా రాయల గుమ్మానికే వచ్చాడు కనుక కాచుకోక తప్పదు.

విశేషం: “సున్నమారుదాఁక” అన్నది ఒట్టి సాకని పూర్వ టీకాకారుల మతం. అది నిలవదు. సిమెంటు నీరు తగిలిన కొన్ని గంటలకే బిగుసుకుంటుంది. డంగుసున్నం అలా కాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుంటూ తిరిగి సున్నపురాయి అవుతుంది. పైపొరకు వారాలు, లోపొరకు నెలలు, గోడ మందమైతే ఏళ్లు. పులికాట్ గుల్లలు కాల్చి సున్నం చేసిన తీరంవారికి ఇది కొత్త సంగతి కాదు. తొందరపడి పాత గోడకు సిమెంటు మెత్తితే లోపలి చెమ్మకు దారి మూసుకుపోతుంది. ఉప్పు పేరి, ఇటుక లోలోపలే పిండి అవుతుంది. పైకి మాత్రం గోడ పెళ్లికొడుకులా ఉంటుంది.

నిర్ణయం: కనుక యాత్రికుడు ముందు చూడవలసింది బోర్డును కాదు, పరంజా కింది సరంజామాను. అక్కడ సిమెంటు బస్తాలుంటే, ఇంత తొందరేమిటని తగువు పెట్టుకోవచ్చు. సున్నం తొట్టి ఉంటే మాత్రం మారుమాటాడక వచ్చిన రైలెక్కవలెను.