గ్లిచ్ టెక్స్‌కు కాజీపేట టీక

అవతారిక: కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్న మనిషి. కాజీపేట వ్యాఖ్యాతలకు అలాంటి ఒట్లేమీ లేవు. రైల్వే జంక్షన్‌లో బండి లేటైనప్పుడల్లా వాళ్లకు కావలసినంత తీరిక, దానికి తగ్గ గొంతు. అందుకే ఈసారి కావ్యాన్ని వదిలి కార్టూన్ సీరీస్‌ను పట్టుకున్నారు. పేరు ‘గ్లిచ్ టెక్స్’. సృష్టికర్తలు ఎరిక్ రోబ్లెస్, డాన్ మిలానో. తయారీ నికలోడియన్, ప్రసారం నెట్‌ఫ్లిక్స్. 2020 ఫిబ్రవరిలో ఒక విడత, ఆగస్టులో మరో విడత వచ్చాయి.

మూలం: కాజీపేట సోమిడిలో పదేళ్ల మనవడు, రైల్వే సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో రిటైరైన తాతకు కథ చెప్పిన తీరు ఇది.

“తాతా, గేమ్‌లకెల్లి దయ్యాలు బయటికొస్తయ్. దుకాన్ల పన్జేసే పోరలు వాటిని వట్టి లోపటేస్తరు. సూసినోళ్లకేమో ఏం యాదికుండదు.”

ప్రతిపదార్థం: ‘గేమ్‌లకెల్లి’ అనగా ఆటలోనుండి. విడిపోవడం ఉంది గనుక పంచమీ విభక్తి. అసలు ఆటలో దయ్యం, అంటే సీరీస్ మాటలో ‘గ్లిచ్’, ఎక్కడ పుడుతుంది? లెక్క తప్పిన చోట. 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ అనే వీడియో గేమ్‌లో ఎన్నో మెట్టో (లెవెల్) గుర్తుంచుకోవడానికి ఒక్క బైటు స్థలమే ఇచ్చారు. అందులో 255 దాకా పడుతుంది. 256వ మెట్టుకు వచ్చేసరికి లెక్క తిరగబడి, తెర కుడి సగమంతా పిచ్చి అక్షరాలతో నిండిపోతుంది. ఎంత మొనగాడైనా ఆట అక్కడితో సరి.

‘దుకాన్ల పన్జేసే పోరలు’ అనగా ఫైవ్, మైకో అనే ఇద్దరు, వాళ్ల తోటివాళ్లు. ఈ పదబంధం దగ్గర కాజీపేట వ్యాఖ్యాతలు చాలాసేపు ఆగారు. కథానాయకులు రాకుమారులు కారు, శాపం తగిలిన మునికుమారులూ కారు. హినోబి అనే గేమ్ కంపెనీ దుకాణంలో జీతగాళ్లు. పైకి కౌంటర్ పని, లోపల దయ్యాలను పట్టే పని. చేతికి తొడుక్కునే కవచం కంపెనీది, మీద మేనేజరు కూడా ఉన్నాడు. రన్నింగ్ స్టాఫ్, షెడ్ స్టాఫ్, నైట్ డ్యూటీ, డ్యూటీకి పిలిచే కాల్ బుక్ మధ్య బతికే రైల్వే ఊరికి ఇంతకన్నా తెలిసిన వీరులు ఎవరుంటారు? యుద్ధం అన్నది పేరుకే. వీళ్లు చేసేది మెయింటెనెన్స్.

‘వట్టి లోపటేస్తరు’ స్పష్టము.

‘సూసినోళ్లకు యాదికుండదు’ అనగా పని ముగిశాక, దయ్యాన్ని చూసిన జనం జ్ఞాపకాన్ని తుడిచేస్తారు. సరిగ్గా ఇక్కడే తాత పూర్వపక్షం లేవదీశాడు.

పూర్వపక్షం: “దయ్యం వస్తే రానియ్. వట్టిండ్రు, మంచిదే. మరి రిజిస్టర్ల ఎక్కియ్యకుంటే ఎట్ల?”

తాత కోపం అర్థం కావాలంటే యాక్సిల్ కౌంటర్ గురించి తెలియాలి. పట్టాల మీద ఒక సెక్షన్‌కు రెండు కొసలా సెన్సార్లు ఉంటాయి. లోపలికి వెళ్లిన ఇరుసులు ఎన్ని, బయటికి వచ్చినవి ఎన్ని అని లెక్కపెట్టడమే వాటి పని. 24 పెట్టెల బండికి పెట్టెకు 4 చొప్పున 96, ఆరు ఇరుసుల కరెంటు ఇంజన్‌తో కలిపితే 102. లోపలికి 102 పోయి, సెన్సార్ పొరపాటున బయటికి 101 అని చెప్పిందనుకోండి. బండి పోయి చాలాసేపైనా, ప్యానెల్ మీద మాత్రం ఆ సెక్షన్‌లో బండి ఉన్నట్టే ఎర్రగా వెలుగుతుంది. సిగ్నల్ పడదు. కారణం లేకుండా కార్యం కనబడింది గనుక ఇది విభావనాలంకారం. కాదు, ఖాళీ లైనును బండి ఉన్న లైనని పొరబడటం గనుక భ్రాంతిమంతం అని రెండో ప్లాట్‌ఫారం వాళ్ల వాదన. బండిలో కూర్చున్నవాళ్లకు ఏ అలంకారమైనా ఒకటే, కదలదు.

హినోబి వాళ్లు జ్ఞాపకాలను తుడిచి రీసెట్ చేసినట్టే, ఈ లేని బండిని తుడవడానికీ రీసెట్టే కొట్టాలి. కానీ ముందు స్టేషన్ మాస్టర్ లైను నిజంగా ఖాళీ అని రూఢి చేసుకోవాలి. రీసెట్ కొట్టిన ప్రతిసారీ ఒక మీటరులో అంకె పెరుగుతుంది. ఆ అంకెను వెనక్కి తిప్పే వీలు లేదు. రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. ప్రిపరేటరీ రీసెట్ అనే పద్ధతిలోనైతే, రీసెట్ తరవాత కూడా యంత్రం వెంటనే నమ్మదు. ఒక బండి జాగ్రత్తగా దాటి, ఇరుసుల లెక్క సరిపోతేనే లైను ఖాళీ అని ఒప్పుకుంటుంది. హినోబి వాళ్ల రీసెట్‌కు మీటరూ లేదు, సంతకమూ లేదు. కంపెనీ పరువు కాపాడుకోవడానికే జనం జ్ఞాపకాలు తుడుస్తున్నారని తాత అనుమానం. అది కొట్టిపారేసేది కాదు.

సిద్ధాంతం: తాతకు సాక్ష్యం అమెరికా నుంచి దొరికింది. 2005 సెప్టెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలో, ఒక గుడిలోని రాక్షసుడు అంటించే రోగం గుడి దాటి బయటపడింది. ఆటగాళ్ల పెంపుడు జంతువులే దాన్ని నగరాలకు మోసుకొచ్చాయి. బలహీనమైన పాత్రలు వీధుల్లో కుప్పకూలాయి. కట్టడి పెట్టినా జనం ఆగలేదు. చివరికి కంపెనీ సర్వర్లను రీసెట్ చేసింది. ఆటగాళ్ల జ్ఞాపకాలను మాత్రం ఎవరూ తుడవలేదు. అందుకే 2007లో ఇద్దరు పరిశోధకులు ఆ సంఘటనను లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికకు ఎక్కించారు. నిజమైన మహమ్మారిలో మనుషులు ఎలా నడుచుకుంటారో తెలుసుకోవడానికి అది పనికొస్తుందని వాదించారు. గ్లిచ్ టెక్స్ మొదటి విడత వచ్చిన మరుసటి నెలలోనే మన దేశమంతా లాక్‌డౌన్‌లో పడటం కాకతాళీయమే. కానీ తాత దాన్ని కూడా తన ఖాతాలోనే వేసుకున్నాడు.

విశేషాంశం: తాత వాదనకు సీరీస్‌లోనే ఒక ఆధారం ఉంది. మనవడు దాన్ని చెప్పడం మరిచాడు. మైకో జ్ఞాపకాన్ని చెరపబోతే చెరగదు. ఆ తరవాతే ఆ పిల్లకు ఉద్యోగం దొరికింది. అందరూ మరిచిన చోట ఒక్కరు గుర్తుపెట్టుకోవడం అన్న ఈ ముడి మీదే కథ బిగువంతా ఉంది. దయ్యాల కొట్లాటలు ఎన్ని రంగుల్లో ఉన్నా దీని తరవాతే. ఇంతకీ ఆ జ్ఞాపకం ఎందుకు చెరగదు అన్న ప్రశ్నకు టీక రాయడం మాత్రం కుదరలేదు. ఆగస్టు విడత తరవాత మూలగ్రంథం ముందుకు సాగలేదు. మూలం లేనిది రాయకూడదన్న కొల్చారం ఒట్టు ఈ ఒక్కచోట కాజీపేట వాళ్లకూ తప్పలేదు.