లక్షన్నర టీవీని ఎంచే విధానం, బీర్కూర్ పద్ధతి

కావలసినవి: సొంత గోడ ఒకటి. ఫోను ఒకటి, రోజుకు 2 జీబీ డేటాతో. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే బామ్మర్ది ఒకడు. యాసంగి వడ్ల పైసలు. ఓపిక మాత్రం అక్కర్లేదు, ఓపిక ఉన్నవాళ్ళు పాత టీవీతోనే వెళ్ళదీస్తారు.

యాసంగి వడ్లు కాంటా అయి ఖాతాలో పైసలు పడ్డాయంటే చాలు, మా బీర్కూర్ చాయ్ హోటళ్ళలో మాట మారుతుంది. నిన్నటిదాకా దోమపోటుకు ఏ మందు కొట్టాలో చెప్పినవాళ్ళే ఇవాళ ఏ తెరకు ఎన్ని నిట్ల వెలుతురో చెబుతుంటారు. ఓఎల్ఈడీ మంచిదా, మినీ ఎల్ఈడీ మంచిదా అని రెండు పార్టీలు లేస్తాయి. ఆ రెండింట్లో ఏదీ ఎవరింట్లోనూ ఉండదు. నాది ఓఎల్ఈడీ పార్టీ. ఎవరన్నా అడిగితే చెబుతాను, అడక్కపోతే ఇంకాస్త వివరంగా చెబుతాను. ఇంత చదువు ఊరికే పోవడం ఇష్టంలేక ఈ విధానం రాసిపెడుతున్నాను.

మొదటి మెట్టు: 65 అంగుళాల టీవీ బొమ్మ ఎట్లా ఉందో ఆరంగుళాల ఫోనులో చూసి తేల్చుకోవాలి. ఓఎల్ఈడీ తెరలో ప్రతి చుక్కా తన వెలుగు తానే వెలిగించుకుంటుంది. నలుపు చూపాలంటే ఆ చుక్క ఆరిపోతుంది, అంతే. మినీ ఎల్ఈడీ సంగతి వేరు. తెర వెనక వేల చిన్న బల్బులు పెట్టి, గుంపులు కట్టి, గుంపు మొత్తాన్నీ ఒక్కసారే పెంచడం, తగ్గించడం చేస్తారు. అందుకే నల్లటి ఆకాశంలో చందమామ వస్తే చుట్టూ సన్నటి పొగలాంటి వెలుగు. ఈ తేడా చూపడానికి వీడియో తీసేవాడు రెండు టీవీలూ పక్కపక్కన పెడతాడు. వాడి కెమెరా ఆ వెలుగును తనకు తోచినట్టు తగ్గించుకుంటుంది. యూట్యూబ్ దాన్ని నొక్కి చిన్నది చేస్తుంది. చివరికి మన ఫోను, గాజు పగిలింది, ఎండలో పట్టుకున్నది, దాన్ని మనకు చూపెడుతుంది. మనం చూసే నలుపు మన ఫోను నలుపే. అయినా సరే, "అబ్బ, ఆ నలుపు చూడు బావా" అనాలి. అవతలి నుంచి బామ్మర్ది కూడా, వాడి ఫోనులో చూసి, "అవును బావా" అంటాడు.

రెండో మెట్టు: ధరను వడ్లలో లెక్కగట్టొద్దు. లెక్కగట్టినవాడు కొనలేడు. 2025-26కు 'ఏ' గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. లక్షన్నర అంటే దగ్గర దగ్గర 63 క్వింటాళ్ళు. ఎకరాకు పాతిక క్వింటాళ్ళు దిగితే రెండున్నర ఎకరాల పంట, అదీ దున్నకం, నాటు, ఎరువు, హార్వెస్టర్ ఖర్చులేవీ తియ్యకముందు. సన్నాలు వేసి, సర్కారు క్వింటాలుకు ఇస్తానన్న 500 బోనస్ కూడా కలుపుకుంటే 52 క్వింటాళ్ళకు దిగుతుంది. టీవీ చవకగా రావాలంటే సన్నాలు వెయ్యాలన్నమాట. ఇది ఏ రివ్యూలోనూ చెప్పరు.

జీఎస్టీ లెక్క మాత్రం తప్పకుండా చెయ్యాలి, అది సంతోషాన్నిస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. ధర పది శాతం తగ్గిందని ఊరంతా అనుకుంది. 128 ఉన్నది 118 అయితే తగ్గింది 7.8 శాతం. లక్షన్నర మీద 11,700. ఇంత మిగిలింది కాబట్టి 55కు బదులు 65 తీసుకోవాలి. మిగిలిన డబ్బును వృథా చెయ్యకూడదు కదా.

హాలు కొలవొద్దు. టేపు పట్టుకున్నారంటే పని చెడుతుంది. మామూలు కంటిచూపు డిగ్రీలో అరవయ్యో వంతుకన్నా చిన్న వివరాన్ని విడదీయలేదు. 55 అంగుళాల 4కే తెరలో దాదాపు 83 లక్షల చుక్కలు. అవి విడివిడిగా తెలియాలంటే మూడున్నర అడుగుల దూరంలో కూర్చోవాలి. ఫుల్ హెచ్‌డీ చుక్కలైతే ఏడడుగుల దాకా తెలుస్తాయి. ఏడు దాటితే రెండూ ఒకటే. మన సోఫా పదడుగుల అవతల, నాయిన కుర్చీ ఇంకా రెండడుగులు వెనక. పైగా ఆయనకు శుక్లాలు. పదడుగుల కాడ 4కే ఏమాత్రమైనా అక్కరకు రావాలంటే 75 అంగుళాలకు పైమాటే. లేదా సోఫాను ముందుకు జరపాలి. జరిపితే వంటింటికి తోవ బందవుతుంది, అప్పుడు టీవీ కొనే విషయం వంటింట్లో తేలుతుంది.

ఇంతా చేసి అందులో ఆడేది ఏమిటి? నెలకు నాలుగు పైసలు మిగుల్తాయని తీసుకున్న మామూలు ఎస్‌డీ ప్యాకు. అందులో బొమ్మకు 720 అడ్డం, 576 నిలువు, అన్నీ కలిపితే నాలుగు లక్షల పైచిలుకు చుక్కలు. టీవీలో 83 లక్షలు. అంటే తెరమీది ప్రతి ఇరవై చుక్కల్లో ఒక్కటే ఛానల్ వాడు పంపింది, తక్కిన పందొమ్మిదీ టీవీ ఊహించుకున్నవి. ఆ ఊహించే చిప్పు మీదే కంపెనీలు పోటీ పడుతున్నాయి. హీరోయిన్ ముక్కుపుడక చాలావరకు కల్పన. దాని కోసం చిప్పు నంబర్లు కంఠతా పట్టాలి.

ఇప్పుడు అసలు సలహా. మిగతావి మరిచినా ఇది మరవొద్దు: దీపాలు ఆపకుండా చూడగలిగే నలుపు కొనాలి, అటువంటిది దొరకదు.

ఓఎల్ఈడీ గొప్పతనమంతా చీకట్లో ఉంది. గదిలో వెలుతురు ఉంటే గాజు మీద ఆ వెలుతురు పడి తిరిగి మన కంట్లోకే వస్తుంది, నలుపు బూడిదవుతుంది. క్యూడీ ఓఎల్ఈడీ అని కొత్త రకం ఉంది. రంగులు అద్భుతం, కానీ ట్యూబ్‌లైటు పడితే దాని నలుపు వంకాయ రంగుకు తిరుగుతుంది. అందుకని నిపుణులందరూ ముక్తకంఠంతో చెప్పేది ఒకటే: లైట్లు ఆపి చూడండి. ఇక్కడే మన ఇంటికీ నిపుణులకూ పడదు. సీరియళ్ళు మొదలయ్యేది సరిగ్గా సందె వేళ. సందె వేళ ఇంట్లో దీపం లేకపోతే లక్ష్మి వాకిట్లోంచే వెనక్కి పోతుంది. అమ్మ ముందు గదిలో లైటు వేస్తుంది, వాకిట్లో వేస్తుంది, దేవుని కాడ దీపం పెడుతుంది, తలుపులు రెండూ బార్లా తెరుస్తుంది. తెరిచిన తలుపు తెర మీద నిలువుగా కనబడుతుంది. తలుపులోంచి పోయే ఇసుక ట్రాక్టరు హెడ్‌లైట్లు కూడా కనబడతాయి, సీరియల్ విలన్ మొహం మీదుగా మంజీర దిక్కుకు పోతాయి.

"అమ్మా, జర లైటు బంద్ చెయ్యరాదే, బొమ్మ మంచిగ కనవడ్తది" అని చెప్పి చూడొచ్చు.

"సందెపూట దీపం బంద్ జెయ్యమంటవారా? లక్షన్నర వెట్టి తెచ్చింది ఎలుగు లేకుంట ఉండనీకేనా?"

జవాబు లేదు. 1987లో అమెరికాలో కొడాక్ కంపెనీ శాస్త్రవేత్తలు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ ఈ ఓఎల్ఈడీకి దారి వేసిన పరిశోధన ప్రకటించినప్పుడు, సందె దీపం సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు.

పోనీ, ఆమె పడుకున్నాక రాత్రి పదింటికి ఆపి చూద్దామంటే అదీ కుదరదు. ఊరి చుట్టూ నిజాంసాగర్ కాలువ కింది వరి. పంట ఈనే రోజుల్లో ఊళ్ళో ఏ వెలుగు కనబడితే దాని మీదికి పచ్చ దీపపు పురుగులు గుంపుగా వస్తాయి. ట్యూబ్‌లైటు వెలుగుతున్నంతసేపు అవి దాని కాడే తిరుగుతాయి. ట్యూబ్‌లైటు ఆపిన మరుక్షణం ఇంట్లో మిగిలిన వెలుగు టీవీ ఒక్కటే. ఇంటర్‌స్టెల్లార్ లాంటి సినిమాలో అంతరిక్షం చూపెడుతుంటే, ఏది నక్షత్రమో ఏది పురుగో తేల్చుకోవడం మొదలవుతుంది. నక్షత్రాలు ఎగరవు, అదొక్కటే గుర్తు. వాటిని తుడవబోయి తెర మీది పూతను గీకొద్దు. అది గట్టిగా రుద్దితే ఓర్వదు.

కనుక మా ఊరికి మినీ ఎల్ఈడీయే తగినదని నాకు తెలుసు. అది పట్టపగలు, తలుపులు తెరిచిన ఇంట్లో కూడా గట్టిగా వెలుగుతుంది, ధరా తక్కువ. తెలిసి కూడా నేను ఓఎల్ఈడీ పార్టీలోనే ఉన్నాను. పార్టీ మారితే ఇన్నాళ్ళు మాట్లాడిన మాటలు ఏం చేసుకోవాలి?

ఓఎల్ఈడీ మీద మరో ఫిర్యాదు, కదలని బొమ్మ నెలల తరబడి ఒకేచోట ఉంటే దాని మచ్చ తెరకు పడిపోతుందని. నాయిన పొద్దున ఆరింటికి పెట్టే వార్తల ఛానల్ ముద్ర కుడి మూలన, కింద ఎర్ర పట్టీ. కొన్నేళ్ళకు టీవీలో వేరే ఛానల్ పెట్టినా బ్రేకింగ్ న్యూస్ ఆగదు.

షోరూముకు పోయేటప్పుడు మన పెన్‌డ్రైవ్ వెంట తీసుకుపోవద్దు, మర్యాద కాదు. బాన్సువాడైనా నిజామాబాదైనా దుకాణంలో టీవీలన్నీ ఒకే చిలకను చూపెడతాయి. ఎర్రది, రెక్కలు విప్పుతుంది, నెమ్మదిగా. తర్వాత తేనె కారుతుంది. అన్నింట్లోనూ వెలుగు పూర్తిగా ఎక్కించి, రంగులు మండించి ఉంటాయి, ఆ వరుసలో ఎక్కువ మెరిసేదే మనకు మంచిదనిపిస్తుంది. నిజంగా పోల్చాలంటే చీకటి సీను ఒకటి, మనుషుల మొహాలు దగ్గరగా చూపే సీను ఒకటి, క్రికెట్‌లో బంతి బౌండరీకి పోయేది ఒకటి, ఇంట్లో రోజూ వచ్చే ఛానల్ ఒకటి పెట్టించి చూడాలి.

"తమ్మీ, ఈ చిలుకలు తీసేసి మామూలు ఛానల్ పెడ్తవా?"

"కేబుల్ లేదన్నా. ఇది డెమో."

"ఇంట్ల పెట్టుకుంటె గూడ గిట్లనే అస్తదా?"

"ఇంట్ల చిలుకలు ఏడికెళ్ళి అస్తయన్నా?"

క్యూఎల్ఈడీ అనే మరో రకం టీవీల్లో వాడే క్వాంటం చుక్కల మీద పనిచేసిన ముగ్గురికి 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చిందని కూడా చెప్పి చూడొచ్చు. దానికి వెయ్యి రూపాయలు కూడా తగ్గించరు.

120 హెర్ట్జ్ ఉండాల్సిందే. ఎందుకని అడగొద్దు.

హెచ్‌డీఎమ్ఐ 2.1 పోర్టులు నాలుగు ఉండాలి. మనకున్న వైరు ఒకటి.

సెట్టింగ్స్‌లో కదలికను నునుపు చేసే ఆప్షన్ ఉంటుంది, దాన్ని వెంటనే ఆపెయ్యాలి. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాకు టీవీ మధ్యలో లేని ఫ్రేములు కల్పించి కలుపుతుంది. దాన్ని ఆపమని 2018 డిసెంబర్‌లో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్‌వారీ కలిసి వీడియో పెట్టి మరీ బతిమాలారు. మరుసటి ఏడాది ఫిల్మ్‌మేకర్ మోడ్‌ను ప్రకటించారు. సినిమా సీరియల్ లాగా కనబడుతుందన్నది వాళ్ళ బాధ. మా ఇంట్లో అదే మాట మెచ్చుకోలు. నేను ఆపేస్తాను, పొద్దున్నే ఎవరో పెడతారు.

గల్ఫ్ నుంచి తెప్పించుకునే ఆలోచన మానుకోవాలి. ఒకప్పుడు మా దిక్కు ఇళ్ళలో మంచి టీవీ అంటే దుబాయ్ నుంచో మస్కట్ నుంచో సామానుతోపాటు దిగిందే. 2013 ఆగస్టు 26 నుంచి ఫ్లాట్ టీవీలను సుంకం లేని సామాన్ల జాబితాలోంచి తీసేశారు, ఆ ముచ్చట అట్లా ముగిసింది. ఆ టీవీ వచ్చిన ఇంట్లో బొమ్మ ఎట్లా ఉందని ఎవరూ అనుకున్నట్టు గుర్తులేదు. తెచ్చిన మనిషి ఎట్లున్నాడని చూసేవాళ్ళు, చిక్కిండా, నల్లవడ్డడా అని. అంతకుముందు 1975-76లో, ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించే సైట్ ప్రయోగంలో మన పక్క మెదక్ జిల్లాలో కొన్ని ఊళ్ళకు తలా ఒక పెట్టె వచ్చింది. దేశం మొత్తం మీద 2,400 ఊళ్ళు. ఊరంతటికీ ఒక్కటే కనక ఏది మంచిదన్న తగవే లేదు.

ఇప్పుడు తగవు ఉంది, దాంతో కొంత లాభమూ ఉంది. బామ్మర్దితో రాత్రి పదింటికి అరగంట మాట్లాడటం ఈ టీవీ వల్లే మొదలైంది. పెళ్ళయినప్పటి నుంచి మా ఇద్దరి మధ్య "బాగున్నరా", "బాగున్నం" తప్ప మూడో మాట లేదు. ఇప్పుడు నిట్లు, జోన్లు, డాల్బీ విజన్, హెచ్‌డీఆర్ 10 ప్లస్. ఒక్కోసారి మాటల మధ్య ఉద్యోగం ఊడుతుందేమోనన్న భయం కూడా చెబుతాడు, చెప్పి మళ్ళీ ప్యానెల్ సంగతికి వచ్చేస్తాడు. నేను మోడల్ ఖాయం చేసుకోబోయిన ప్రతిసారీ కొత్తది వస్తోందట ఆగు బావా అంటాడు. నేనూ ఆగుతాను.

కొన్నాక ఆ మోడల్ ధర మళ్ళీ చూడొద్దు. స్టెబిలైజర్ పెట్టించాలి. అట్టపెట్టె దాచాలి, పిల్లి పిల్లలు పెట్టేదాకా. కొత్త బండికైతే తిమ్మాపూర్ వెంకన్న గుడి కాడ పూజ చేయించొచ్చు, టీవీని అంత దూరం మోయలేం గనక ఇంట్లోనే ఓ మూలకు కుంకుమ బొట్టు. తెర మీద కాదు, అంచు మీద.

ఇక ధర ఎవరికి ఎంతని చెప్పాలన్నది. అమ్మకు తొంభై వేలు. నాయినకైతే అమ్మకు చెప్పిన దానికన్నా పది వేలు తక్కువ. పక్కింటి వాళ్ళకు లక్షా ఎనభై. పొలం కౌలుకు చేసేటోళ్ళు అడిగితే, బామ్మర్ది కొనిచ్చిండని. బామ్మర్దికి మాత్రం అసలు ధర చెప్పాలి, ఇంకో చోట ఇంకా తక్కువకు వచ్చేదని వాడు ఎలాగూ అంటాడు. ఎవరికి ఎంత చెప్పారో ఫోనులో రాసి పెట్టుకోండి, చుట్టాలు అందరూ ఒకేరోజు కూడా వస్తారు.