ఒక పంక్తి ప్రోగ్రాముకు టీకా తాత్పర్యము

మూలము:
ఫర్ కే ఇన్ రేంజ్(26): ప్రింట్(విప్పు(గూఢం, కే))

అవతారిక: సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉన్నది. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో మొదలై, తరువాత ఇక్కడికి చేరింది. ఇక్కడ పైథాన్ నేర్చుకునే పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు రాసే పంక్తి ఇది. కవి ఎవరో తెలియదు. రాసిన ప్రతివాడూ తనదేనంటాడు. సీజర్ గూఢలిపిని విప్పడం ఇందలి ఇతివృత్తము.

ప్రతిపదార్థము: కే = ఎన్ని అక్షరాలు జరిపారో ఆ సంఖ్య; రేంజ్(26) = సున్నా మొదలు 25 దాకా; ఫర్ = ఒక్కొక్కటిగా; గూఢం = చేతికందిన అర్థంకాని రాతను; విప్పు = అన్నేసి అక్షరాలు వెనక్కి జరిపి; ప్రింట్ = తెర మీద పెట్టుము.

తాత్పర్యము: ఏ తాళంచెవో తెలియనప్పుడు గుత్తిలో ఉన్నవన్నీ పెట్టి చూడవలెను. తెలివితో పనిలేదు.

విశేషములు: జరపడమంటే షిఫ్టు. ఫ్యాక్టరీలో షిఫ్టులు ఏ, బీ, సీ మూడే కదా, 26 ఎక్కడివని పటాన్‌చెరు సంప్రదాయం వారి ఆక్షేపణ. సీజర్ మూడక్షరాలే జరిపేవాడని రోమన్ రచయిత సూటోనియస్ రాయడం వారికి కలిసొచ్చింది. అది సీజర్ అలవాటే గాని శాస్త్రం కాదు.

26 అన్నది ఇంగ్లీషు అక్షరాల లెక్క. అసలు చిక్కు తెలుగుతో. ‘కంది’ని యూనికోడ్ వరుసలో మూడు గడులు ముందుకు జరపండి. క కాస్తా ఘ అవుతుంది, బాగానే ఉంది. సున్న పోయి అ అవుతుంది! ద వెళ్లి ఖాళీ గడిలో పడుతుంది. న, ప ల నడుమ యూనికోడ్ వారు ఒక గడి వదిలేశారు మరి. గుడి కాస్తా కొమ్ముదీర్ఘమై, ఆనుకోవడానికి హల్లు లేక వేలాడుతుంది. ఊరు ఊరే గల్లంతు. కనుక క మొదలు హ దాకా, ఆపైన ళ, ఱ కలిపి 35 హల్లుల పట్టీ మనమే కట్టుకుని, అచ్చులూ గుణింతాలూ సున్నా ముట్టకుండా జరపాలి. అప్పుడు ‘కంది’ చక్కగా ‘ఘంపి’ అవుతుంది. విప్పేటప్పుడు క నుంచి వెనక్కి మూడడుగులు వేస్తే హ దగ్గర తేలాలి. 35తో భాగించి శేషం తీసుకునేది ఇందుకే. ‘రేంజ్(35)’ అనే పాఠాంతరానికి మూలం ఇదే.

వచ్చిన 35 వరుసల్లో అర్థమున్నది ఏదో కంటితో చూసి ఏరుకోవచ్చు. బద్ధకస్తులు 9వ శతాబ్దపు అరబ్బు పండితుడు అల్ కిందీని ఆశ్రయించి, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టిస్తారు. కందికీ కిందీకీ ప్రాస తప్ప చుట్టరికం లేదు. వాత్స్యాయనుడు 64 కళల్లో మ్లేచ్ఛిత వికల్పమని ఈ గూఢలేఖనాన్నీ చేర్చాడు గనుక పిల్లలు చదువు మాని ఆడుకుంటున్నారని తల్లిదండ్రులు కోప్పడరాదు.

పాఠ నిర్ణయము: సున్నా జరిపితే ఏమీ జరపనట్టే, ఆ వరుస దండగ. ‘రేంజ్(1, 35)’ అన్నదే సాధుపాఠము.