నిష్క్రమణ విశారదుడు

మౌసును ముట్టుటయే మైలగా భావించు మహానుభావులు మన సాఫ్ట్‌వేర్ కార్యాలయములలో కొందరు కలరు. లోకులెల్లరు తెర మూలనున్న గుర్తుపై ఒక్క నొక్కు నొక్కి ఇండ్లకు పోవుచుండగా, ఈ విశారదుడు మాత్రము నల్లని టెర్మినల్ తెరచి, నేత్రములర్ధనిమీలితములు గావించి, తన లినక్స్ డెస్క్‌టాప్‌నకు అక్షరరూపమున వీడ్కోలు పలుక నుపక్రమించును.

ఆయన యింకను విడువని పాత కేడీఈ డెస్క్‌టాప్‌లో ఆ మంత్రము క్యూడీబస్ అను ఆదేశముతో ఆరంభమై, కేఎస్ఎంసర్వర్ అను సెషన్ మేనేజర్‌ను సంబోధించి, లాగౌట్ అను బీజాక్షరముతోను మూడు సున్నలతోను ముగియును. మొదటి సున్న 'నిజముగా పోవుదువా?' అని యడుగవలదనుటకు. రెండవది యంత్రము నార్పక సెషన్‌ను మాత్రమే చాలించుటకు. మూడవదాని యర్థ మడిగినవారు ఆ పూట భోజనమునకు ఆశ వదలుకొనవలెను. కేడీఈ 3 నాళ్లలో ఇదే మంత్రమును డీకాప్ అను సందేశవాహకముతో జపించెడివాడు. 2008లో కేడీఈ 4 వచ్చి ఆ స్థానమున డీబస్‌ను ప్రతిష్ఠించినప్పుడు ఆయన పొందిన దుఃఖము బంధువియోగమునకు తీసిపోదు. గ్నోమ్ అను మరియొక డెస్క్‌టాప్ పక్షమువారిని ఆయన నేటికిని ఎత్తిపొడుచును: గ్నోమ్ 2లో సెషన్-సేవ్ అను ఆదేశమునకు కిల్ అను తోక తగిలించి నిష్క్రమించెడివారట! రక్షణము పేరు పెట్టి సంహారము చేయు ఆ సంప్రదాయము రాజకీయములకే తగునని ఆయన తీర్పు.

మంత్రము చెవిన పడగానే సెషన్ మేనేజర్ ప్రతి ప్రోగ్రామును పేరుపేరున పిలిచి, నీ స్థితి భద్రపరచుకొమ్మని చెప్పును. అందేదేని ఎడిటర్ 'నా ఫైలింకను సేవ్ కాలేదు' అని మొరాయించెనా, మహాప్రస్థానమంతయు నిలిచిపోవును. అన్నియు సమ్మతించినచో, ఆజ్ఞ యిచ్చిన టెర్మినల్ సైతము ఆ యాజ్ఞకే బలియగును. తాను కూర్చున్న కొమ్మను నరికిన కాళిదాసునకు కాళికాప్రసాదము లభించెను. ఈయనకు లభించునది మరునాడు అదే చోట తెరచుకొను ఖాళీ టెర్మినల్ మాత్రమే, ఏలయన విండో తిరిగివచ్చునుగాని, అందు నడుచుచుండిన పని తిరిగిరాదు.

"సారూ, తాళమెయ్యాలి" అని వాచ్‌మన్ ద్వారమున నిలిచి దగ్గును. విశారదుడు చేయెత్తి ఆగుమనును. లాగౌట్‌కు ముందు సెషన్‌ను భద్రపరచు పంక్తి యొకటి నేడే స్క్రిప్టులో చేర్చినాడు. అది సరిగా పనిచేసినదో లేదో తెలియవలెనన్న మరల లాగిన్ కాక తప్పదు గదా!