కొసరు పోయి కోడ్ వచ్చె

ఇప్పటి పిల్లలను కందిపప్పు ధరెంత అని అడిగి చూడుండ్రి. ధర చెప్పరు, ఎంత తగ్గిందో చెప్తరు. "యాభై ఆఫ్ తాతా!" అంటరు. దేంట్ల నుంచి యాభై, ఎంత కొంటె యాభై అంటె మాత్రం మొఖం ఫోన్ల పెడుతరు.

మా రోజుల్ల వరంగల్ కాశిబుగ్గల కిరాణం దుకాణానికి పోవాల్నంటె చేతుల చిట్టీ, సంకల సంచి ఉంటె సాలు. సేటు కాటా ఎత్తి, ముల్లు నిలబడ్డంక ఇంకో పిడికెడు పప్పు పైనుంచి ఏసేటోడు. అదీ కొసరు. ఎంబడి పోరగాడు పోతె వాని దోసిట్ల ఇన్ని పుట్నాలో, బెల్లం ముక్కో పడేది. దానికి కోడ్ లేదు, గడువు లేదు, "షరతులు వర్తిస్తయి" అని చీమ తలకాయంత అచ్చరాలు లేవు. చేతుల పైసలు లేకుంటె ఉద్దెర. 1934ల నిజాం సర్కారు కాలంల పుట్టిన ఆజంజాహి బట్టల మిల్లు నడిచిన్నాళ్లు, జీతాలు పడ్డ రోజే సేటు ఖాతా బుక్కుల గీతలు కొట్టేసేటోడు. ఓటీపీ లేకున్నా మనిషిని గుర్తువట్టేటోడు.

అసలు తగ్గింపు అంటె కాలం చూసి కొనుడు. ఏనుమాముల యార్డుకు మిరపకాయ వచ్చి పడే రోజులల్ల ఏడాది కారం పట్టించుకునేది. ఎండకాలం మొదట్ల చింతపండు, కొత్త పంట వచ్చినంక కందులు. నలుగురం కలిస్తె బీట్‌బజార్ల హోల్‌సేల్‌కు బస్తా తెచ్చి ఇంట్ల పంచుకునేది. దానికి యాప్ అక్కర లేదు. ఇంట్ల డబ్బాలుండాలె, ఎండబోసే ఓపికుండాలె. ఇప్పుడు రెండూ లేవు, నిమిషాలల్ల ఇంటికొస్తదంటరు.

కూపన్ అనంగనె మా ఈడోళ్లకు యాదికొచ్చేది రేషనే. 1983ల ఎన్టీ రామారావు రెండు రూపాయల కిలో బియ్యం పెట్టిండు. తర్వాత కొన్నేండ్లకు కార్డుతోపాటు కూపన్ల కాగితాలొచ్చినయి. నెలకొక ముక్క చింపి ఇస్తెనే బియ్యం, ఇంకో ముక్క ఇస్తెనే కిరసనాయిలు. కూపన్ చేతుల ఉన్నా "స్టాకు రాలే" అన్న మాట ఎన్నిసార్లు ఇన్నమో. 2013 ఉగాదికి అదే రేషన్ దుకాణంల అమ్మహస్తం అని 185 రూపాయలకు తొమ్మిది సరుకులు మొదలుపెట్టిన్రు. ఇప్పుడు ఆ కూపన్ ముక్కలు పోయినయి, మిషిన్ మీద వేలు పెడితె సరుకొస్తది. ఇదొక్కటి బాగైందని ఒప్పుకుంట. పని చేసి చేసి అరిగిన మా వేళ్లను ఆ మిషిన్ గుర్తువడితె ఇంకా గట్టిగ ఒప్పుకుంట. ఏమన్నా ఆ కూపన్ ఆకలికి పుట్టింది, ఈ ఫోన్ల కూపన్ ఆశకు పుట్టింది.

ఆశకు పుట్టినవి ఇప్పటియి కావు. అమెరికాల కోకా-కోలా వాళ్లు 1880ల చివర్లనే ఒక గ్లాసు ఉత్తగ తాగమని చీటీలు పంచిన్రు. 1999ల క్రికెట్ వరల్డ్ కప్పు అప్పుడు బ్రిటానియా బిస్కెట్ల కవర్లు జమచేస్తె ఇంగ్లాండ్ పోవచ్చని మా గల్లి పోరగాండ్లు మోరీ పక్కన పడ్డ కవర్లు గూడ ఏరిన్రు. మా గల్లి నుంచి ఇంగ్లాండ్ ఎవ్వడు పోలె, బిస్కెట్లు మాత్రం మస్తు అమ్ముడువోయినయి. అమెరికాల ఉన్న మా తమ్ముని బిడ్డ ఆదివారం పేపర్ ముందటేసుకొని కత్తెరతోని కూపన్లు కత్తిరిస్తదట. అక్కడి కొన్ని కూపన్ల మీద "దీని నగదు విలువ సెంటుల నూరో వంతు" అని అచ్చేసి ఉంటది. అసలు విలువెంతో వాళ్లే చెప్పుకున్నరు!

నాకు ఒళ్లు మండే ముచ్చట ఇంకోటున్నది. మా సేటు ఎన్నేండ్ల గిరాకి అయితె అంత కొసరు ఏసేటోడు. యాప్‌ల ఉల్టా. మొదటిసారి కొన్నోనికి పెద్ద కూపన్, ఏండ్ల సంది కొనేటోనికి "ఈ కోడ్ మీకు వర్తించదు". కొత్తల్లునికి కోడికూర, కన్నకొడుక్కు పచ్చిపులుసు! దీన్నే వ్యాపారం అంటరట.

అయినా కూపన్లు వాడుడు నేర్చుకుంటమంటరు గదా, ఇనుండ్రి. ముందు చిట్టీ రాయాలె, తర్వాత ఫోన్ తెరవాలె. ఉల్టా చేసినోడు మునుగుతడు. 499కి కొంటె 50 తగ్గుతదని ఉంటది. నీ చిట్టీ 380 అయితె, 119 రూపాయల అక్కరలేని సామాను ఏస్తవు. యాభై పోయినా చేతి నుంచి 69 ఎక్కువ పోయినట్టే. డెలివరీ చార్జీ, హ్యాండ్లింగ్ చార్జీ అనేటియి ఆఖర్ల కనవడుతయి, అవి కూడినంకనే కూపన్ సంగతి. గీత కొట్టిన ఎమ్మార్పీ చూసి మురువకు. దానికి మించి అమ్మొద్దనే గని, అంతకే అమ్మాల్నని ఏం లేదు. బజార్ల చానా సరుకు దానికన్న తక్కువకే దొరుకుతది. ప్యాకెట్ మీద గ్రాముకింత, కిలోకింత అని యూనిట్ ధర గూడ అచ్చెయ్యాలని ఇప్పుడు రూలున్నది. అద్దాలు పెట్టుకొని అది చదువు. ఇంత ముందు అరకిలో ఉన్న ప్యాకెట్ చప్పుడు చెయ్యకుంట నాలుగువందల యాభై గ్రాములు అయిందేమో ఆడ తెలుస్తది.

మా కాలంల మోసం లేదని అననుగాక అనను. కాటా తట్ట కింద చింతపండు అంటించేటోళ్లు ఉన్నరు, ఖాతాల రెండు రూపాయలు ఎక్కువ రాసేటోళ్లు ఉన్నరు. అసొంటోన్ని పట్టుకుంటె నలుగుట్ల నిలదీసేది, తెల్లారి సంది కాటా సాఫ్. యాప్‌ను ఏ గల్లిల నిలదీస్తవు? అందుకే 2023 నవంబర్‌ల కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇసొంటి పదమూడు జిత్తులను లెక్కగట్టి వద్దన్నది. అడగని వస్తువు బుట్టల ఏసుడు, చార్జీలు ఆఖరికి బయటపెట్టుడు, "రెండే మిగిలినయి" అని ఉత్తుత్తిగ తొందరవెట్టుడు అన్నీ అండ్ల ఉన్నయి. 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇయ్యొచ్చు. ఈ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండ్రి, కూపన్ కోడ్ కన్న ఇదే ఎక్కువ అక్కరకొస్తది.

బిల్లు కింద "మీరు ఈసారి ఇంత పొదుపు చేసిన్రు" అని పచ్చరంగుల ఉంటది. అది అమ్మినోడు రాసిన లెక్క. మనం కొన్నోళ్లం, మన లెక్క మనం నెలాఖరున చూసుకోవాలె. పోయిన నెలకన్న ఈ నెల కిరాణం ఖర్చు తగ్గితె కూపన్ నీకు పనిచేసినట్టు. పెరిగితె నువ్వే కూపన్‌కు పనిచేసినట్టు.